ఎలుక కొరికిన అట్ట

ముందు వినిపించేది డబ్బా మూత.

టిక్కు. కాసేపాగి మళ్ళీ టిక్కు. ధర్మవరంలో ఆ సందు నిండా మగ్గాలే. పొద్దున ఏడింటికి అవి మొదలయ్యాయంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. అయినా ఆ చిన్న చప్పుడు ఆ మోత సందుల్లోంచి, బండల మధ్య చెమ్మ పాకినట్టు, దారి చేసుకుంటూ వస్తుంది. గోడ దగ్గరపడితే మూత ఒకలా పలుకుతుంది, వాకిలి ఖాళీ ఎదురైతే ఇంకోలా. ఆ తేడాను పట్టుకుని నడిచే మనిషి ఒకామె ఉంది. చప్పుడు గుమ్మం దగ్గర ఆగుతుంది. తలుపు చట్రం మీద ఒక చెయ్యి కనబడుతుంది, వేళ్ళ చివరలు బూడిద రంగులో. ఆ తర్వాత సుబ్బలక్ష్మమ్మ.

ఆమె చేతిలోది పాత పౌడరు డబ్బా. అందులో ఉండేది పిడకల బూడిద. నలభై అయిదేళ్ళు ఆ బూడిదే ఆమె పనిముట్టు. మగ్గం మీద పట్టు నిలువు పోగులు అయిపోవస్తే కొత్తవి ఎక్కించాలి. పాత పోగు తోకకు కొత్త పోగు తలను, ఒక్కొక్కటిగా, అయిదు వేల చోట్ల కలపాలి. ముడి వేస్తే చీర పాడవుతుంది. అందుకని వేళ్ళకు బూడిద రాసుకుని రెండు కొసలనూ మెలిపెడతారు. మెలిక ఉన్నట్టు తెలియకూడదు, తెగనూ కూడదు. దాన్ని అచ్చు అతకడం అంటారు. ఆ సందులో సుబ్బలక్ష్మమ్మ వేళ్ళు తాకని మగ్గం లేదు.

యాడికి అనే ఊరి పక్కన పల్లెలో ఆమె పుట్టింది. వాళ్ళ నాయన వేరుశనగ వేసేవాడు. వరసగా మూడేళ్ళు విత్తనం మన్నులోనే మాడిపోతే, పధ్నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కి ఇక్కడికి వచ్చాడు. సందు మలుపులో ఆ పిల్ల నిలబడిపోయిందట. వందల మగ్గాల మోత ఒక్కసారిగా చెవిన పడితే, "నాయనా, వానొచ్చినట్టుండాది" అని తల ఎత్తి ఆకాశం చూసిందట. పైన మబ్బు తునక లేదు. ఆ మాట చెప్పి ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

మూడేళ్ళ కిందట చూపు మసకబారింది. పోగుకూ పోగుకూ తేడా కనబడకుండా పోయాక అచ్చు అతకడం మానేసింది. కానీ సందులో తిరగడం మానలేదు. నేతగాళ్ళు మానుకోనివ్వలేదు. మగ్గం ఏదో తేడాగా ఉంది, ఎక్కడో తెలియడం లేదు అంటే ఆమెను పిలుస్తారు. ఆమె వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. రెండు నిమిషాలు వింటుంది. "ఎడమపక్క తాడు వదులైండాది," అంటుంది. చూస్తే వదులై ఉంటుంది.

చంద్రికకు ఇదంతా పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. తెలిసింది కాబట్టే ఎప్పుడూ వింతగా తోచలేదు.

చంద్రిక ఆ సందులో నేతగాడు ఓబిలేష్ చెల్లెలు. అనంతపురంలో డిగ్రీ చదివి వచ్చి, అన్న మగ్గంతో పాటు సందులోని మరో మూడు మగ్గాల చీరలను ఫోనులో చూపించి అమ్ముతుంది. మధ్యాహ్నం మూడింటికి పైకప్పు కంతలోంచి ఎండ ఒక పలకలా మగ్గం మీద వాలుతుంది. ఆ పావుగంట కోసం కాచుకుని కూర్చుని వీడియో తీస్తుంది. జరీ మీద వెలుగు నడిచేది, అంచులో నెమలి ఒక్కో వరసా పైకి లేచేది, అన్న చేతులు. ఆ వీడియోలు చూసి విజయవాడ నుంచి, బళ్ళారి నుంచి ఆర్డర్లు వస్తాయి. నాలుగేళ్ళుగా ఆ నాలుగు ఇళ్ళవాళ్ళు చీర చంకన పెట్టుకుని ఏ కొట్టు మెట్ల మీదా పడిగాపులు కాయలేదు.

ఒక సోమవారం పొద్దున విడపనకల్లు నుంచి అరుణజ్యోతి అనే టీచరమ్మ నేరుగా వాళ్ళింటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"చంద్రిక అంటే నువ్వేనా మ్మే?"

"నేనేనక్కా. కూర్చోండి."

"కూర్చోనీకి రాలేదు. ఈ చీర నీ చెల్లెలి పెండ్లికైతే కట్టిస్తావా చెప్పు."

సంచీలోంచి ఒక చీర తీసి మంచం మీద పడేసింది. తాకితే వేళ్ళకు అంటుకుని చిటపటలాడింది. ప్లాస్టిక్ వాసన. చంద్రిక దాన్ని మంచం మీదే వదిలేసి, "ఇది మాది కాదక్కా," అంది.

"ఇంకెవురిది? ఈ వీడియో చూసే గదా దుడ్లు పంపింది. నీ పేజీలో ఇదే చీర కింద నీ పేరు, ఊరు చూసి వెతుక్కుంటా వస్తిని."

అరుణజ్యోతి ఫోను ముందుకు చాచింది. చంద్రిక చూసింది. అదే ఎండ పలక. అదే ఎరుపు, అదే నెమలి. కానీ నెమలి అటు తిరిగి ఉండాల్సింది ఇటు తిరిగి ఉంది. చిత్రాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేశారు. కింద ఊరూ పేరూ లేని ఎవరిదో పేజీ. వెనక నుంచి తొంగిచూసిన ఓబిలేష్ తన చేతులను తానే గుర్తుపట్టి అన్నాడు: "నేనెప్పుడు ఎడమచెయ్యోన్నయితిని మ్మే?"

ఎవరూ నవ్వలేదు. అరుణజ్యోతి మంచం అంచున కూలబడి, "మా చెల్లెలికి ఏం చెప్పల్ల ఇప్పుడు," అంది. చంద్రిక ఆమెకు మంచినీళ్ళిచ్చింది. ఆ పూటే తన వీడియో దొంగిలించారని ఆ సైటుకు ఫిర్యాదు రాసింది.

తెల్లారేసరికి మూతపడింది చంద్రిక పేజీయే. ఆ దొంగ పేజీవాళ్ళు ఎదురు ఫిర్యాదు పెట్టారు. వీడియో తమదనీ, చంద్రికే దాన్ని తిప్పి పెట్టుకుందనీ. సైటువాళ్ళు తేదీలు చూశారు. దొంగ పెట్టింది అంతకు రెండు వారాల ముందు సోమవారం. చంద్రిక పెట్టింది గురువారం. ముందు పెట్టినవాళ్ళదే అసలు. కాదంటే ఏడు రోజుల్లో రుజువు చూపాలి. లేకుంటే పేజీ ఇక తెరుచుకోదు.

తప్పు ఎక్కడ జరిగిందో చంద్రికకు ఆ క్షణమే తెలిసింది. కొత్తగా పోగులెక్కించిన అచ్చు మీద దిగిన మొదటి చీర అది. అలాంటి చీరను దేవుడి ముందు పెట్టి, మంచిరోజు చూసి గానీ అమ్మకానికి విప్పరు. వీడియో తీసింది ఆదివారం. మరునాడు అమావాస్య. అందుకని గురువారం దాకా ఆగింది. ఆగలేనిది ఒక్కటే. ఆదివారం సాయంత్రం, పాత కొనుగోలుదారులు ఆశపడతారని, తీసింది తీసినట్టుగా ఆ వీడియోను స్టేటస్‌లో పెట్టింది. దాని మీద తన పేరు కూడా వెయ్యలేదు. ఒక రోజు కాగానే అది మాయమైంది. ఆలోగా ఎవరో ఎత్తుకుపోయారు. ఫోను నిండిపోయిందని అసలు వీడియోనూ చెరిపేసింది. మిగిలింది బుధవారం నాడు వేణుగానం కలిపి, పేరు వేసి తయారుచేసింది. దాని తేదీ కూడా దొంగ తేదీకి తర్వాతిదే.

"దొంగనాయాలు అమావాస్యనాడు పెట్టినాడా!" అన్నాడు ఓబిలేష్. "వానికి పంచాంగం యాడుంటాదిలే."

మొదటి రోజు చంద్రిక ఫోనంతా వెతికింది. రెండో రోజు తెలిసిన వాళ్ళందరినీ అడిగింది, ఆ స్టేటస్ ఎవరైనా దాచుకున్నారేమోనని. మూడో రోజు మిగతా మూడు ఇళ్ళవాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు. వాళ్ళు తిట్టినా బాగుండేదనిపించింది. శ్రావణం దగ్గరపడుతోంది. మడతపెట్టిన చీరలు అలమరలో ఉన్నాయి. చూపించే కిటికీ మూసుకుపోయింది.

నాలుగో రోజు డబ్బా మూత చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమప్పా ఓబిలేషూ, మగ్గం గమ్మునుండాదే? చెవులు చిల్లులు పడినట్టుండాది నాకి."

"నేసి ఎవురికి చూపీల్లవ్వా," అన్నాడు ఓబిలేష్.

చంద్రిక జరిగింది చెప్పింది. సుబ్బలక్ష్మమ్మ అంతా విని, "నాకి బొమ్మలు కనబడవు గదా పాపా, ఒకతూరి వినిపీ," అంది. అరుణజ్యోతి పంపిన దొంగ వీడియోను చంద్రిక తెరిచి, ఫోను ఆమె చేతికిచ్చింది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుంది. ఇంకో చెయ్యి డబ్బా మీద ఉంది. ఒకసారి విన్నది. రెండోసారి వింటుంటే పెదాల మీద చిరునవ్వు వచ్చింది.

"ఆ పొద్దు నువ్వు పస్తుండి నేసినావు."

"నేనా?" అన్నాడు ఓబిలేష్.

"కడుపు నిండినోడు పోగు బిగించే పలకను ఇంత కోపంగా కొట్టడు."

లోపల వంట చేస్తున్న ఓబిలేష్ భార్య ఈశ్వరి గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "అవునవ్వా! ఆ ఆదివారం ఉగ్గాని చేసిపెడితే ఉప్పెక్కువైందని తినకుండా లేసిపోయినాడు. పడమటికి పొద్దు వాలినంకగానీ తినలేదు."

"నువ్వు పోమ్మే లోపలికి," అన్నాడు ఓబిలేష్.

"గమ్మునుండండి ఇద్దరూ." సుబ్బలక్ష్మమ్మ మూడోసారి వినిపించమంది. ఈసారి మగ్గం దెబ్బలు సాగుతుండగా ఒకచోట డబ్బా మూతను గోటితో మెత్తగా మీటింది. తర్వాత చాలాసేపు ఊరుకుంది. మళ్ళీ మీటింది. మళ్ళీ చాలాసేపు. మళ్ళీ. నిమిషంన్నర వీడియోలో మూడుసార్లు.

"ఇది నా అట్ట," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె లేచి, గోడ పట్టుకుని మగ్గం దగ్గరకు నడిచింది. మగ్గం పైన, అంచుకు బొమ్మ దింపే పెట్టె ఉంటుంది. చిల్లులు పొడిచిన ఇరవైనాలుగు అట్టలు దారంతో కుట్టిన మాలలా దాని మీద తిరుగుతుంటాయి. ఒక్కో అడుగు తొక్కితే ఒక్కో అట్ట వచ్చి కొట్టుకుంటుంది. ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో ఆ చిల్లులు చెబుతాయి. అలా చెబుతూ చెబుతూ నెమలి పూర్తవుతుంది. నిరుడు వానాకాలంలో అందులో ఒక అట్టను ఎలుక కొరికింది. అట్టలు కొట్టే అతను ఊళ్ళో లేడు. పని ఆగిపోతుందని సుబ్బలక్ష్మమ్మే ఆ అట్టకు పాత పట్టుగుడ్డ పేలిక ఒకటి గంజితో అంటించి, పాత చిల్లుల జాడ వేళ్ళతో తడుముకుంటూ, సూది కాల్చి చిల్లులు పొడిచింది. రెండు రోజులకని చేసిన మరమ్మతు. కొత్త అట్ట తెస్తానని ఓబిలేష్ చెప్పి చెప్పి ఇంతవరకూ తేలేదు.

"అన్ని అట్టలూ టక్కుమంటాయి. నాది మాత్రం గుడ్డ మీద పడి తుప్పుమంటాది," అంది ఆమె. "ఓబిలేషూ, నెయ్యప్పా."

ఓబిలేష్ మగ్గం కింది గుంతలోకి కాళ్ళు దించి కూర్చున్నాడు. మగ్గం కదిలింది. నాలుగు రోజుల తర్వాత ఇల్లు ఊపిరి తీసుకున్నట్టయింది. సుబ్బలక్ష్మమ్మ కళ్ళు మూసుకుని, బూడిద వేలు ఒకటి గాలిలోకి లేపింది. ఆ వెంటనే తుప్పుమంది. చంద్రిక లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. వేలు లేచింది. తుప్పు.

చప్పుడు వచ్చాక కాదు. వచ్చే ముందు.

ఆ మగ్గం మోతలోనే చంద్రిక పుట్టింది. ఆ మోతకే నిద్రపోయింది, ఆ మోత ఆగితేనే మేల్కొంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని వినలేదని ఇప్పుడు తెలిసింది. ఒక్కసారి చెవి పట్టుకున్నాక ఇక వదల్లేదు. మోత విడివడి పోగులయింది. తొక్కుడు చెక్క కిర్రుమనేది, అడ్డపోగు మోసే నాడె అటు నుంచి ఇటు జారేది, పలక దెబ్బ, ప్రతి ఇరవైనాలుగింటికీ ఒక మెత్తని తుప్పు. చీకటి గదిలో ఎవరో దీపం వెలిగిస్తే ఇన్నాళ్ళూ అక్కడే ఉన్న సామానంతా కనబడినట్టు. దొంగ వీడియోను మళ్ళీ పెట్టి లెక్కించింది. తొమ్మిదో దెబ్బ దగ్గర మెత్తనిది. ముప్పై మూడో దెబ్బ దగ్గర. యాభై ఏడో దెబ్బ దగ్గర.

బొమ్మను కుడి ఎడమలు మార్చినవాడు చప్పుడును మార్చలేదు. మార్చాలని వాడికి తోచి ఉండదు. అది వాడికి ఉత్త మగ్గం మోత. అసలైన మగ్గమని నమ్మించడానికి పనికొస్తుందని అలాగే ఉంచుకున్నాడు.

తన వీడియోలో మాత్రం అది లేదు. దాని మీద తనే వేణువు కప్పేసింది. ఆ వేణువును కూడా నెట్‌లో ఎక్కడో దొరికితే తీసుకుంది. ఊదిన మనిషి పేరు తనకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం మూడింటికి, ఎండ పలక మగ్గం మీద వాలిన వేళ, ఆమె ఒక వీడియో తీసింది. ఎక్కడా కత్తిరించలేదు, ఏ పాటా కలపలేదు. ముందు ఈశ్వరి చేతిలోని ఇంకో ఫోనులో దొంగ వీడియో నడిచింది. పక్కన సుబ్బలక్ష్మమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. మెత్తని దెబ్బ ముందు ప్రతిసారీ వేలు లేపింది. ఆ వెంటనే ఓబిలేష్ నేశాడు. వేలు మళ్ళీ అలాగే లేచింది. చంద్రిక గొంతు దెబ్బలను లెక్కపెట్టింది. చివరికి ఓబిలేష్ అట్టల మాలను చేత్తో తిప్పి, ఎలుక కొరికిన అట్టను ఎండలోకి పట్టుకున్నాడు. ఎర్రపట్టు పేలిక, గంజి మరక, కాలిన చిల్లులు. చంద్రిక కింద రాసింది: ఈ మగ్గం మా ఇంట్లో ఉంది. అవతలివాళ్ళ వీడియోలో పలుకుతున్నది ఇదే. తమదంటున్నవాళ్ళను ఈ అట్ట చూపించమనండి.

పంపించాక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అయిదో రోజు గడిచింది. ఆరో రోజు సైటు నుంచి ఒక్క ముక్క వచ్చింది: అవతలివాళ్ళను కూడా అడిగామని. ఓబిలేష్ నేస్తూనే ఉన్నాడు. చంద్రిక మగ్గం పక్కన కూర్చుని వింటూనే ఉంది. ఏడో రోజు సాయంత్రం, ఈశ్వరి పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతుండగా ఫోను మోగింది. అవతలివాళ్ళు గడువులోగా ఏమీ చూపలేదట. దొంగ వీడియో తీసేశారు. చంద్రిక పేజీ తెరుచుకుంది. ఆమె ముందు ఆ మూడు ఇళ్ళకూ పరిగెత్తి చెప్పింది. ఆ తర్వాత అరుణజ్యోతికి ఫోను చేసింది.

"మీ చెల్లెలి పెండ్లి ఎప్పుడక్కా?"

"వచ్చే నెల. ఏమి?"

"మంచిరోజు చూసుకొని రాండి. మగ్గం మీదుండే చీర చూపిస్తాను, తాకి చూసి తీసుకోండి."

"అమావాస్య దినం మాత్రం రాను తల్లీ," అంది అరుణజ్యోతి. ఆ మాటకు ఇంట్లో అందరూ మొదటిసారి నవ్వారు.

ఆ తర్వాత చంద్రిక తన వీడియోలన్నిట్లోనూ వేణువు తీసేసింది. సుబ్బలక్ష్మమ్మను వెంటబెట్టుకుని మిగతా మూడు మగ్గాల దగ్గరా కూర్చుంది. ఒకదానికి చెక్క కిర్రుమనే తీరు వేరు. ఇంకోదాని నాడె కుడిపక్క వచ్చినప్పుడు రెండుసార్లు తడుతుంది. మూడోదాని మీద నేసే ఎర్రప్ప ప్రతి పది దెబ్బలకూ ఒకసారి దగ్గుతాడు. "దగ్గు కూడా రాసుకో పాపా," అంది సుబ్బలక్ష్మమ్మ. "మందేసుకుంటే పోతాది గానీ, వాడు ఏసుకోడు." ఇప్పుడు ఆ పేజీలో ఏ చీర చూపించినా ముందు తెర నల్లగా ఉంటుంది. కాసేపు మగ్గం ఒక్కటే వినిపిస్తుంది. ఆ తర్వాతే వెలుగు, ఆ తర్వాతే చీర. వీడియో తీసిన పూటే, అమావాస్యయినా సరే, ఒక నకలు దాచిపెడుతుంది. అమ్మకానికి విప్పడం మాత్రం మంచిరోజునే.

దొంగలు ఆగలేదు. మొన్న ఇంకెవరో ఇంకో వీడియో ఎత్తుకుపోయారు. చంద్రిక ఈసారి ఏడవలేదు. చెవిన పెట్టుకుని విని, ఎర్రప్ప దగ్గును లెక్కపెట్టి, ఫిర్యాదు రాసింది.

కొత్త అట్ట తెస్తాననడం ఓబిలేష్ పూర్తిగా మానేశాడు.

ఈ సంగతులు రాసుకోవడానికి వెళ్ళిన మనిషి సాయంత్రం దాకా సుబ్బలక్ష్మమ్మ దగ్గర కూర్చుని లేచాడు. కాగితాలు సర్దుకుంటూ, ఇన్ని చప్పుళ్ళలో ఒక్క చప్పుడు ఎలా గుర్తుంటుందవ్వా అని చివరిగా అడిగాడు. ఆమె డబ్బా మూతను ఒకసారి మీటి, వాకిలి వైపు ముఖం తిప్పింది.

"నీ బండి గొలుసు వదులైండాది నాయనా. వచ్చేటప్పుడే వింటి. తాడిపత్రి దాకా పోవల్ల గదా, బిగించుకొని పో."